ఎలుక రక్తంలో బార్టొనెల్లా: శ్రీకాకుళం, విజయనగరం పొలాల్లో సర్వే ఎలా చేయాలి?

బార్టొనెల్లా మీద ప్రాజెక్టు తీసుకున్న విద్యార్థులు దాదాపు అందరూ మొదట అడిగేది ఇదే: "జబ్బు చేసిన ఎలుకను ఎలా గుర్తుపట్టాలి సార్?" గుర్తుపట్టలేం. ఈ బ్యాక్టీరియా ఉన్న ఎలుక తింటుంది, పరిగెడుతుంది, పిల్లల్ని పెడుతుంది, అవకాశం దొరికితే మీ వేలూ కొరుకుతుంది. బయటికి ఏమీ తెలియదు. కాబట్టి ఈ పని సగానికి పైగా పొలం గట్టు మీదే తేలిపోతుంది. ఏ జంతువును పట్టారు, దాని జాతి సరిగ్గా రాశారా, రక్తం శుభ్రంగా తీశారా, ఎంత త్వరగా చల్లబరిచారు అన్నవే ముఖ్యం. అక్కడ చెడిన శాంపిల్‌ను, డీఎన్ఏ ముక్కను లక్షల కాపీలుగా పెంచి చూపే పీసీఆర్ మెషీన్ ఎంత ఖరీదైనదైనా బాగుచేయలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పని చేయాలనుకునే జువాలజీ, మైక్రోబయాలజీ, వెటర్నరీ పీజీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. సరదాగా ఇంట్లో చేసి చూసే పని కాదు.

ముందు ఈ సూక్ష్మజీవి సంగతి

పెరూ దేశపు వైద్యుడు అల్బెర్టో బార్టన్ 1905లో రోగుల ఎర్ర రక్తకణాల్లో సన్నని కడ్డీల్లాంటి బ్యాక్టీరియాను గమనించాడు. ఆయన పేరే ఈ ప్రజాతికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకు ఒంటి పేల ద్వారా వచ్చిన ట్రెంచ్ ఫీవర్, పిల్లి గీరితే వచ్చే క్యాట్ స్క్రాచ్ జబ్బు ఈ కుటుంబానివే. ఎలుకల్లో ఉండే జాతులు వేరు: ఎలిజబెతే, ట్రైబోకోరమ్, గ్రహామీ, టేలరై లాంటివి. వీటిలో ఎలిజబెతేను మొదట వేరుచేసింది ఎలుక నుంచి కాదు, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకిన ఒక అమెరికన్ రోగి రక్తం నుంచి. 1993లో దానికి పేరు పెట్టారు. దాని అసలు స్థావరం ఎలుకలని తర్వాత తేలింది.

ఈ బ్యాక్టీరియా నడక తెలిస్తే శాంపిల్ ఎందుకు అలా తీయాలో కూడా తెలుస్తుంది. ప్రయోగశాలలో ఎలుకలకు ట్రైబోకోరమ్ ఎక్కించి చూశారు. మొదట అది రక్తంలోంచి మాయమైంది. సుమారు ఐదో రోజున తిరిగి వచ్చి ఎర్ర రక్తకణాల్లోకి దూరింది. కణం లోపల కొన్ని సార్లు విభజన చెంది, సుమారు ఎనిమిదికి చేరాక ఆగిపోయింది. ఆ కణం బతికినంత కాలం అందులోనే ఉండిపోయింది, కణాన్ని పగలగొట్టలేదు. అద్దె ఇంట్లో గోడకు మేకు కూడా కొట్టకుండా ఉండే మనిషి లాంటిది ఇది. ఆ ప్రయోగాల్లో రక్తంలో బ్యాక్టీరియా పది వారాల దాకా కనిపించింది. అడవిలో, పొలంలో ఉన్న ఎలుకకు ఒకటి తగ్గేలోపు ఇంకొకటి సోకవచ్చు, రెండు జాతులు ఒకేసారి ఉండవచ్చు.

ఒక ఎలుక నుంచి ఇంకొకదానికి దీన్ని ప్రధానంగా మోసేవి ఫ్లీలు. బొచ్చులో అటూ ఇటూ పాకి, పట్టుకోబోతే ఎగిరి దూకే చపటైన గోధుమరంగు పురుగులు ఇవి. ఫ్లీ మలంలో బ్యాక్టీరియా బయటికి వస్తుంది, గీరుకున్న చర్మం గుండా లోపలికి పోతుంది.

మొదటి పని: అనుమతులు

విసుగు పుట్టించే భాగం ఇదే, కానీ బోనులు కొనడానికి ముందే మొదలుపెట్టాలి. మీ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి, బయోసేఫ్టీ కమిటీ అనుమతి రెండూ కావాలి. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుకలు ఒకప్పుడు ఐదో షెడ్యూలులో, అంటే హానికర జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణ ఆ షెడ్యూలునే తీసేసింది. కాబట్టి పాత థీసిస్‌లో ఉన్న "ఎలుకలకు అనుమతి అక్కర్లేదు" అన్న వాక్యాన్ని దించేయకండి. అటవీ శాఖకు ఉత్తరం రాసి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. ఉడుతలు, గబ్బిలాలు మొదటి ప్రాజెక్టులో వద్దు. వాటి నియమాలూ వేరు, గబ్బిలాలతో ప్రమాదమూ వేరు.

కాగితాలు అయ్యాక ఊరి అనుమతి. సర్పంచ్‌తో, పొలం రైతుతో ముందు మాట్లాడండి. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, సిరంజీలు, ఐస్ బాక్సుతో దిగగానే "కిడ్నీ టెస్టులా బావూ?" అని అడుగుతారు. అక్కడికి కిడ్నీ జబ్బు కోసం వచ్చి రక్తం తీసుకెళ్ళిన బృందాలు చాలా ఉన్నాయి, ఫలితం మాకు చెప్పలేదన్న కోపమూ ఉంది. మీరు ఎలుకల కోసం వచ్చారని, మనుషుల రక్తం తీయరని, కిడ్నీ జబ్బుకూ దీనికీ సంబంధం లేదని మొదటి రోజే చెప్పేయాలి.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: "పట్టిన ఎలకని మళ్ళీ వదిలేస్తారేటి?" రైతు దృష్టిలో ఇది న్యాయమైన ప్రశ్న. చేతికొచ్చిన వరిని కొరికే జంతువును వదిలితే గొడవే. వదులుతారా, కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో నొప్పి లేకుండా చంపుతారా అన్నది ముందే తేల్చి, రైతుకు చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే ఆ గట్టు మీద బోను పెట్టండి.

ఎక్కడ, ఎప్పుడు

నాగావళి, వంశధార, చంపావతి ఆయకట్టులో ఖరీఫ్ వరి పొట్ట మీదున్నప్పటి నుంచి కోత దాకా ఎలుకలు గట్లలోనే ఉంటాయి, మడిలో నీరుంటుంది గనక. కోత కోసి కుప్పలు వేశాక కల్లాల వైపు, తర్వాత ఇళ్ళ వైపు జరుగుతాయి. ఒకే ఊళ్ళో కోతకు ముందు గట్ల మీద, కోత తర్వాత కల్లం దగ్గర, ఇళ్ళలో పట్టగలిగితే ఆ పోలికే మీ ప్రాజెక్టుకు బలం. సోంపేట వైపు బీల (చిత్తడి) భూములు, పలాస జీడి తోటలు, నెల్లిమర్ల లాంటి చోట్ల ఊరి మధ్య గోదాములు వేరువేరు ఆవాసాలు. అన్నీ ఒకే సీజన్‌లో చేయాలనుకోకండి. రెండు ఆవాసాలు సరిగ్గా చేస్తే చాలు.

ఊరు, మండలం, జిల్లాతో పాటు జీపీఎస్ అంకెలు తప్పనిసరి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. పాత రికార్డులతో పోల్చేటప్పుడు జిల్లా పేరును నమ్ముకుంటే దెబ్బతింటారు.

ఖాళీ బొరియ ముందు బోను పెట్టి లాభం లేదు. సాయంత్రం గట్టు వెంట నడుస్తూ కనిపించిన బొరియలన్నీ మట్టితో మూసేయండి. పొద్దున్నకి తిరిగి తెరుచుకున్నవే నివాసం ఉన్నవి. నోటి దగ్గర తాజా మట్టి కుప్పగా పోసి ఉంటే అది సాధారణంగా చిన్న పందికొక్కుది.

ఎలుకల మందు పెట్టారా అని రైతును అడగడం మరిచిపోవద్దు. బ్రోమాడయోలోన్ ఎర తిన్న ఎలుకకు రక్తం గడ్డకట్టదు. నరం గుచ్చాక రక్తం ఆగదు, వదిలిపెట్టినా బతకదు. సామూహిక ఎలుకల నిర్మూలన జరిగిన ఊళ్ళో కొన్ని వారాలు ఆగి మొదలుపెట్టండి.

బోను, ఎర

మడతపెట్టే అల్యూమినియం షెర్మన్ బోనులు చిట్టెలుకలకు, మెత్త ఎలుకలకు బాగుంటాయి. పందికొక్కుకు సంతలో దొరికే తీగ బోనే మేలు. గట్టు వెంట పది మీటర్లకు ఒకటి చొప్పున వరసగా పెట్టండి. ఎరగా కాల్చిన ఎండు చేప ముక్క, కొబ్బరి ముక్క, మసాలా వడ ఏదైనా పనిచేస్తుంది. కొబ్బరి తోటల్లో కొబ్బరి ముక్కకు విలువ ఉండదు, అక్కడ ఎండు చేప పెట్టండి. ఏ ఎర వాడారో రాసుకోండి, మధ్యలో మార్చకండి. మారిస్తే ఏ ఆవాసంలో ఎక్కువ పడ్డాయన్న లెక్కకు అర్థం ఉండదు.

సాయంత్రం ఐదింటికి పెట్టి, తెల్లవారేసరికి చూడాలి. ఎండెక్కితే అల్యూమినియం బోను లోపల జంతువు చచ్చిపోతుంది. వానలో తాటాకు కప్పండి. చుంచు, అదే మూతి పొడవుగా ఉండి కంపు కొట్టేది, ఎలుక జాతి కాదు. దానికి ఆకలి ఎక్కువ, తిండి లేకపోతే తెల్లారేదాకా ఆగలేదు. చుంచులు పడే చోట అర్ధరాత్రి ఒకసారి బోనులు చూసి రావాలి.

చేతికి తొడుగు, ముక్కుకు మాస్క్

ఎలుకల దగ్గర బార్టొనెల్లా ఒక్కటే ఉండదు. వాటి మూత్రంలో లెప్టోస్పైరా అనే ఇంకో బ్యాక్టీరియా ఉండవచ్చు, వాటి మీద ఉండే సూక్ష్మ పురుగులు స్క్రబ్ టైఫస్ తేవచ్చు, ఫ్లీలు మ్యూరీన్ టైఫస్ మోయవచ్చు. అందుకని రెండు పొరల గ్లవ్స్, ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు అంచులు సాక్సులోపలికి. జంతువులను గాలి ఆడే చోట, ఇళ్ళకు దూరంగా, చెట్టు నీడలో చూడండి. రైతు ఇంటి అరుగు మీద ఈ పని వద్దే వద్దు, ఆయన ఎంత మొహమాటపెట్టినా సరే.

కరిస్తే సబ్బు, నీళ్ళతో పావుగంట కడిగి, అదే రోజు పీహెచ్‌సీకి వెళ్ళండి. తర్వాత మూడు, నాలుగు వారాల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్‌కు "ఎలుకలను పట్టే పని చేశాను" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాల్చినట్టు నల్లటి పుండు ఉందేమో చూపించండి. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. బట్టల మడతల్లో, చంకలో ఉండి కనిపించకుండా పోతుంది.

కొలతలు, జాతి

బోను నుంచి నేరుగా గుడ్డ సంచిలోకి దింపి, సంచితో సహా తూచి, తర్వాత సంచి బరువు తీసేయండి. మత్తు ఇచ్చాక తల నుంచి తోక మొదలు దాకా, తోక, వెనక పాదం, చెవి మిల్లీమీటర్లలో కొలవండి. ఆడదా మగదా, గర్భం ఉందా రాయండి.

ఇంటి ఎలుక తోక దాని ఒంటి కంటే పొడుగు. చిన్న పందికొక్కు తోక ఒంటి కంటే పొట్టి, మూతి మొద్దుగా ఉంటుంది. పెద్ద పందికొక్కు అరకిలో దాటుతుంది కాబట్టి పొరపాటు పడే అవకాశం తక్కువ. అసలు ఇబ్బంది పిల్లలతోనే: చిన్న పందికొక్కు పిల్లను మెత్త ఎలుక అని రాసేస్తారు. ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. చెవి అంచు నుంచి చిన్న ముక్క ఆల్కహాల్‌లో దాచితే, అనుమానం వచ్చినప్పుడు సైటోక్రోమ్ బీ జన్యువుతో తేల్చుకోవచ్చు. జాతి పేరు తప్పితే "ఫలానా బార్టొనెల్లా ఫలానా ఎలుకలో ఉంది" అన్న మీ ప్రధాన ఫలితమే తప్పు.

తెల్ల ఎనామెల్ ట్రే మీద ఎలుకను పెట్టి, పేల దువ్వెనతో వీపు, మెడ దువ్వండి. రాలిన ఫ్లీలను 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఒక ఎలుకవి ఒక సీసాలోనే. రక్తం తీశాక మత్తు తేరుకునేలోపు దువ్వుదామనుకుంటే ఫ్లీలు సంచిలోకి పారిపోతాయి. అందుకే ముందు దువ్వెన, తర్వాత సూది.

రక్తం తీయడం

ఇది వెటర్నరీ డాక్టర్ పక్కన ఉండి నేర్పాల్సిన పని. చదివి నేర్చుకునేది కాదు. మీకు దగ్గర్లో గరివిడి వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడి వాళ్ళతో కలిసి చేయడం మంచిది. మత్తుకు ఐసోఫ్లూరేన్ వాడుతున్నప్పుడు దూదికి అంటిన ద్రవం జంతువు ఒంటికి తగలకూడదు.

ఎంత తీయవచ్చు? ఎలుక ఒంట్లో రక్తం బరువులో దాదాపు ఆరు, ఏడు శాతం. బతికించి వదిలేదైతే అందులో పదో వంతు మించకూడదు. 100 గ్రాముల ఎలుక నుంచి 0.6 మి.లీ., పది గ్రాముల చిట్టెలుక నుంచి 60 మైక్రోలీటర్లు, అంతే. చిట్టెలుకకు కల్చర్ (బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచడం) ఆశ వదులుకుని, డీఎన్ఏకు, ఒక స్మియర్‌కు (స్లైడ్ మీద పరిచే రక్తపు పొరకు) సరిపెట్టుకోండి.

తోక నరం గానీ, కాలి సఫీనస్ నరం గానీ. గుచ్చే చోట ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనివ్వండి. ఆరకముందే గుచ్చితే రక్తకణాలు పగులుతాయి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులోకి తీయండి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు వద్దు, హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. జంతువుకొక కొత్త సూది, కొత్త గ్లవ్స్. ట్యూబు మీద నంబరు పెన్సిల్‌తోనో, ఆల్కహాల్‌కు చెరగని పెన్నుతోనో రాయండి. రోజుకు ఒక ఖాళీ ట్యూబు తెరిచి, శుభ్రమైన బఫర్ వేసి, మిగతావాటితో పాటే అన్ని దశలూ దాటించండి. పొలంలోనే కలుషితం జరిగిందా అన్నది చెప్పేది అదొక్కటే.

ఐస్ బాక్సులో పెట్టి, అదే రోజు డీప్ ఫ్రీజర్‌కు చేర్చాలి. దూరం ఎక్కువైతే లిక్విడ్ నైట్రోజన్ కంటైనర్ మేలు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కేంద్రాల్లో అది మామూలుగా వాడేదే, పశుసంవర్ధక శాఖ వాళ్ళను ముందుగా అడిగి చూడండి. ఏదీ కుదరకపోతే ఫిల్టర్ పేపర్ మీద రక్తపు చుక్క ఆరబెట్టి కవరులో వేయండి. డీఎన్ఏ దక్కుతుంది, కల్చర్ మాత్రం రాదు.

స్మియర్ చూడండి, నమ్మకండి

స్లైడ్ మీద పల్చని పొర తీసి, మిథనాల్‌లో ముంచి, జీంసా రంగు వేస్తే ఎర్ర కణాల్లో చిన్న చుక్కలు, కడ్డీలు కనబడొచ్చు. రంగు మడ్డి కూడా అలాగే కనిపిస్తుంది, కణంలో మిగిలిపోయిన కేంద్రక ముక్కలూ అలాగే ఉంటాయి. స్మియర్‌తో బార్టొనెల్లా ఉందని తేల్చేయకండి. అయినా స్మియర్ తీయమంటాను. ట్రిపనోసోమా లూయిసై లాంటి ఇతర పరాన్నజీవులు అందులో దొరుకుతాయి, రక్తం నాణ్యత ఎలా ఉందో కూడా తెలుస్తుంది.

కల్చర్: ఓపిక పరీక్ష

రక్తాన్ని ఒకసారి ఫ్రీజర్‌లో మంచులా గట్టిపడనిచ్చి కరిగిస్తే కణాలు పగిలి లోపలి బ్యాక్టీరియా బయటికి వస్తుంది. అందుకే తాజా రక్తం కంటే ఫ్రీజర్ రక్తంలోనే ఎక్కువ పెరుగుతుంది. పదేపదే కరిగితే మాత్రం అవి చస్తాయి. ఫ్రీజర్‌కు ఇన్వర్టర్ బ్యాకప్ లేని ల్యాబ్‌లో కరెంటు పోయినప్పుడల్లా టెన్షనే. అందుకే మొదటి రోజే ప్రతి శాంపిల్‌ను రెండు, మూడు చిన్న ట్యూబుల్లోకి పంచి పెట్టుకోండి.

ఒక వంతు రక్తానికి నాలుగు వంతుల పోషక ద్రవం కలిపి, 100 మైక్రోలీటర్లు గొర్రె లేదా కుందేలు రక్తం ఐదు శాతం ఉన్న అగార్ ప్లేటు మీద పరవండి. 35 డిగ్రీలు, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్, తగినంత తేమ కావాలి. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ లేకపోతే మూత బిగించిన గాజు జాడీలో కొవ్వొత్తి వెలిగించి ఉంచితే మూడు శాతం దాకా వస్తుంది. సర్దుకోవచ్చు.

మర్నాటికో, రెండో రోజుకో పెరిగితే అది కలుషితమే. బార్టొనెల్లా కాలనీలు వారం దాటాక, చిన్నగా, తెల్లగా వస్తాయి. కొన్ని అగార్‌లోకి దిగి గుంట చేస్తాయి. నాలుగు వారాల దాకా ప్లేటు పారేయకండి, అంచులు టేపుతో చుట్టి ఎండిపోకుండా చూడండి. లెక్క ఇలా: ప్లేటు మీద వేసిన 100 మైక్రోలీటర్లలో అసలు రక్తం 20. కాలనీల సంఖ్యను 50తో గుణిస్తే మిల్లీలీటరుకు ఎన్నో వస్తుంది. 40 కాలనీలు ఉంటే రెండు వేలు.

పీసీఆర్, సీక్వెన్సింగ్

సిట్రేట్ సింథేజ్ జన్యువు మీద, అంటే జీఎల్‌టీఏ మీద సుమారు 380 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్కను పెంచే ప్రైమర్లు, అంటే ఆ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గుర్తించే చిన్న డీఎన్ఏ తునకలు, 1995 నుంచి వాడుకలో ఉన్నాయి. ప్రపంచమంతా పోల్చుకునేది దాంతోనే కాబట్టి అది తప్పదు. దానికి తోడు బ్యాక్టీరియా డీఎన్ఏలోని ఇంకో భాగం, ఐటీఎస్ గానీ ఆర్‌పీఓబీ గానీ, పెట్టుకోండి. రెండింటిలోనూ వస్తేనే పాజిటివ్ అనండి. ఒకదానిలోనే వచ్చినవి విడిగా చూపించండి.

పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే పరీక్ష పనిచేస్తోందని చూపే నమూనాగా, ఇక్కడి ఎలుకల్లో దొరకని జాతి డీఎన్ఏ అడిగి తెచ్చుకోండి. మీ శాంపిల్‌లో అదే సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరస) వస్తే ఎక్కడ కలిసిపోయిందో వెంటనే తెలిసిపోతుంది. డీఎన్ఏ తీసే గది, పీసీఆర్ ఉత్పత్తి తెరిచే గది వేరుగా ఉండాలి. మన కాలేజీల్లో అంత చోటు ఉండదు. కనీసం వేరు బల్లలు, వేరు పిపెట్లు పెట్టండి.

సీక్వెన్స్‌లో ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తే మిశ్రమ ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. చెడ్డ రీడ్ అని పారేయకుండా కల్చర్ కాలనీల నుంచి విడివిడిగా మళ్ళీ చేయండి. కొత్త జాతి అనడానికి తొందరపడొద్దు. జీఎల్‌టీఏ 327 బేస్‌ల ముక్కలో పోలిక 96 శాతం కంటే, ఆర్‌పీఓబీ 825 బేస్‌ల ముక్కలో 95.4 శాతం కంటే తక్కువ ఉంటేనే వేరే జాతి గురించి మాట్లాడవచ్చని 2003లో ప్రతిపాదించారు. ఆ కొలమానమే ఇప్పటికీ నడుస్తోంది.

ఎన్ని ఎలుకలు కావాలి, సున్నా వస్తే ఏమనాలి

ఒక ఊళ్ళో పదిలో ఒక ఎలుకకు ఇన్ఫెక్షన్ ఉందనుకుంటే, కనీసం ఒక్కటైనా పట్టుబడేందుకు 95 శాతం నమ్మకం కావాలంటే 29 ఎలుకలు చూడాలి. అది కూడా ఒక్కో జాతికి. నాలుగు జాతులు కలిపి 29 అంటే చెల్లదు. 30 చూసి ఒక్కటీ రాకపోతే "లేదు" అనకండి. సున్నా వచ్చినప్పుడు 95 శాతం నమ్మకంతో గరిష్ఠం ఎంతో చెప్పే సులువు లెక్క, మూడును ఎలుకల సంఖ్యతో భాగించడం. మూడును 30తో భాగిస్తే పదో వంతు, అంటే పది శాతం వరకూ ఉండే వీలుంది అని రాయండి. గైడ్ ముఖం చిట్లించినా సరే, ఆ వాక్యమే నిజం.

ఫ్లీలో డీఎన్ఏ దొరికితే ఆ ఫ్లీ జబ్బు అంటిస్తోందని కాదు. అప్పుడే తాగిన ఎలుక రక్తం దాని కడుపులో ఉంది, అందులోంచి కూడా రావచ్చు.

ఊరికి తిరిగి వెళ్ళడం

వాడిన సూదులు సూదుల డబ్బాలోకి, జంతు కళేబరాలు, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్ళాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు జంతు అవయవాలకు పసుపు రంగే చెబుతున్నాయి. పొలంలో గొయ్యి తీసి పూడ్చి వచ్చేయకండి, కుక్కలు తవ్వేస్తాయి.

సీక్వెన్సులు జెన్‌బ్యాంక్‌లో, అంటే అందరూ చూడగల సీక్వెన్సుల భండారంలో పెట్టాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఊరికి మాట ఇచ్చారు గనక ఒకసారి వెళ్ళాలి. "మీ ఊరి ఎలుకల్లో ఫలానా బ్యాక్టీరియా ఉంది. ఎలుకల నుంచి మనుషులకు వచ్చినట్టు ఇక్కడ మేం చూడలేదు, మేం వెతికింది ఎలుకల్లోనే" అని చెప్పండి. ఎలుకల్లో కనబడిందని జ్వరాలన్నీ దీనివల్లే అన్న పుకారు పుడితే, స్క్రబ్ టైఫస్‌కు, టైఫాయిడ్‌కు సకాలంలో చికిత్స చేయించుకోవాల్సిన మనిషి వేరే పరీక్షల చుట్టూ తిరుగుతాడు. తెలుగులో ఒక పేజీ రాసి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసుకు, ఇంకో కాపీ పీహెచ్‌సీ డాక్టర్‌కు ఇవ్వండి. పొలం ఇచ్చిన రైతుకు మీరే వెళ్ళి చదివి వినిపించండి.